పై పెదవి మీద నూగు

ఎనిమిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా చదివే అమ్మాయిల్లో చాలామంది ఎవరినీ గొంతెత్తి అడగని ప్రశ్న ఒకటుంది. మొటిమల గురించి అడుగుతారు. జుట్టు రాలుతోందని అడుగుతారు. నెలసరి నొప్పి గురించి కూడా ఈమధ్య బాగానే మాట్లాడుతున్నారు. మూతి మీద మీసంలా వస్తోందని మాత్రం అమ్మకి కూడా చెప్పరు. బాత్రూం గడియ పెట్టుకుని నాన్న బ్లేడుతోనో, ఫోన్‌లో ఎవరో చెప్పిన నిమ్మరసం ప్యాక్‌తోనో ఏదో ఒకటి చేసేస్తారు. చర్మం మండి, అక్కడ నల్ల మచ్చ పడ్డాక అప్పుడు విషయం ఇంట్లో బయటపడుతుంది. ఈ అధ్యాయం ఆ గడియ పెట్టుకునే ముందు చదువుకోవాల్సింది.

అమ్మాయిల ముఖం మీద వెంట్రుకలుండవన్నది సినిమా పోస్టర్లు చెప్పే మాట. అరచేతులు, అరికాళ్లు, పెదవులు లాంటి కొన్ని చోట్లు తప్ప మనిషి ఒంటినిండా వెంట్రుకల కుదుళ్లు ఉంటాయి. అవన్నీ మనం పుట్టకముందే ఏర్పడిపోతాయి, ఆ తర్వాత కొత్తవి పుట్టుకురావు. అంటే నీ పై పెదవి మీద ఇప్పుడు కనిపిస్తున్నది నిన్నమొన్న మొలిచింది కాదు. చిన్నప్పటి నుంచీ అక్కడే ఉన్న కుదురు ఇప్పుడు కాస్త ముదురు రంగు వెంట్రుకను తయారుచేస్తోంది. ఈడొచ్చే వయసులో అండాశయాలూ, మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న అడ్రినల్ గ్రంథులూ ఆండ్రోజెన్లనే హార్మోన్లను కొద్దికొద్దిగా వదులుతాయి. వీటిని మగ హార్మోన్లంటారు గానీ ఇవి లేని ఆడపిల్ల లేదు. చంకల్లో వెంట్రుకలు రావడానికి కారణం కూడా అవే. రక్తంలో అవి ఎంత ఉన్నాయన్నది ఒక సంగతైతే, కుదురు వాటికి ఎంతగా స్పందిస్తుందన్నది మరో సంగతి. ఒకే ఇంట్లో అక్కకి చెంపల మీద నూగు దట్టంగా ఉండి, చెల్లికి ఏమీ కనబడకపోవడం చాలాసార్లు ఈ రెండో కారణం వల్లే.

కాబట్టి మొదట చూడాల్సింది కుటుంబాన్ని. అమ్మ వైపు మాత్రమే చూసి ఊరుకోవద్దు, మేనత్తనీ నాయనమ్మనీ కూడా చూడు. మన దేశంలో, పశ్చిమాసియాలో, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల దేశాల్లో ఆడవాళ్లకు ముఖం మీద నూగు ఎక్కువగా కనిపించడం మామూలే. చైనా, జపాన్ వైపు తక్కువ. ఏది అందమన్నది కూడా అన్ని కాలాల్లో ఒకేలా లేదు. పందొమ్మిదో శతాబ్దపు ఇరాన్‌లో, కజార్ రాజుల కాలపు చిత్రాల్లో అందగత్తెల పై పెదవి మీద సన్నటి మీసం గీత కనిపిస్తుంది. అది లేనివాళ్లు రంగుతో దిద్దుకునేవాళ్లట కూడా. మెక్సికో చిత్రకారిణి ఫ్రిదా కాహ్లో తాను వేసుకున్న తన బొమ్మల్లో చాలావాటిలో కలిసిన కనుబొమ్మలనూ, పై పెదవి మీది నూగునూ దాచకుండా దిద్దింది. నువ్వూ అలాగే ఉండాలని చెప్పడానికి ఇది రాయడంలేదు. తీసేసుకోవాలనిపిస్తే తీసేసుకో, అందులో తప్పేమీ లేదు. తీసుకోకపోతే కూడా తప్పేమీ లేదు. అయితే ఆ నిర్ణయానికి ముందు తేల్చుకోవాల్సిన పని ఒకటుంది.

నెలసరి తేదీలు ఏం చెబుతున్నాయి?

ఇది ఉత్త నూగేనా, లోపల హార్మోన్ల తేడా ఏదైనా ఉందా అన్నది అద్దంలో తేలదు. నెలసరి తేదీల్లో తేలుతుంది. అందుకే మొట్టమొదట కొనాల్సింది క్రీము కాదు, ఒక చిన్న క్యాలెండర్. గోడ మీది తెలుగు పంచాంగం క్యాలెండరైనా చాలు, మొదటిరోజు మీద చిన్న చుక్క పెట్టుకో. ఫోన్‌లో రాసుకున్నా ఫర్వాలేదు.

రజస్వల అయిన మొదటి ఏడాది నెలసరి ఎలా వచ్చినా కంగారు పడక్కర్లేదు. శరీరం ఇంకా లయ కుదుర్చుకుంటూ ఉంటుంది. ఏడాది దాటాక, మూడేళ్లలోపు, ఒక నెలసరి మొదటిరోజు నుంచి తర్వాతి నెలసరి మొదటిరోజుకి 21 రోజుల కంటే తక్కువో, 45 రోజుల కంటే ఎక్కువో మళ్లీమళ్లీ వస్తుంటే డాక్టర్‌కి చూపించాలి. మూడేళ్లు దాటాక ఈ పై హద్దు 35 రోజులు. మొదటి ఏడాది గడిచాక ఒక్కసారైనా 90 రోజులు దాటిపోతే ఆగకూడదు. 15 ఏళ్లు నిండినా రజస్వల కాకపోయినా అంతే. ఈ అంకెలు అమ్మకి కూడా చూపించు. "మా కాలంలో మాకూ ఇలాగే వచ్చేది" అన్న మాట చాలా ఇళ్లలో రెండు మూడేళ్లు మింగేస్తుంది.

నెలసరి సక్రమంగా ఉండి, నూగు సన్నగా మెత్తగా ఉండి, ఏడాదిలో పెద్దగా మారకపోతే చాలావరకు అది నీ వంశం ఇచ్చినదే. నెలసరి గాడి తప్పి, దాంతోపాటు గడ్డం కింద, దవడ వెంబడి, ఛాతీ మధ్య, బొడ్డు కింద నల్లగా గరుకుగా వెంట్రుకలు వస్తూ, మొండి మొటిమలు కూడా ఉంటే పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య గురించి ఆలోచించాలి. మన ఊళ్లలో పీసీఓడీ అంటారు, ఇంకొంతమంది 'నీటి బుడగలు' అంటారు. 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు గైనకాలజిస్టులు దీన్ని మొదట వివరంగా రాశారు. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో పదిమందికి ఒకరికైనా ఇది ఉంటుందని అంచనా. మెడ వెనక మడతల్లో చర్మం నల్లగా, మందంగా, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా అవుతుంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయడంలేదని గుర్తు. దాన్ని మట్టి అనుకుని పీచుతో తోమే అమ్మలు ఉన్నారు. తోమితే పోయేది కాదది.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. పదిహేనేళ్ల పిల్లకి కడుపు స్కాన్ తీయించి, "నీటి బుడగలున్నాయి" అని రిపోర్టు చేతిలో పెట్టడం మన పట్టణాల్లో చాలా మామూలైపోయింది. ఆ బుడగలు గడ్డలు కావు, ఇంకా పక్వం కాని అండాలు ఉండే చిన్న సంచులు. ఈ వయసు అమ్మాయిల్లో ఏ జబ్బూ లేకపోయినా అవి ఎక్కువగా కనిపిస్తాయి. అందుకే రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు పీసీఓఎస్ నిర్ధారణకి స్కాన్ వాడొద్దని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పాయి, 2023లో వచ్చిన కొత్త వాటిలోనూ అదే మాట ఉంది. టీనేజ్‌లో ఆ పేరు పెట్టాలంటే రెండూ ఉండాలి: గాడి తప్పిన నెలసరి, ఆండ్రోజెన్లు ఎక్కువైన గుర్తులు. స్కాన్ ఒక్కటే చూసి "నీకు పిల్లలు పుట్టరు" అని ఎవరైనా అంటే, ఆ మాట పట్టుకుని ఏడవద్దు, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లు. పీసీఓఎస్ నిజంగా ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి పిల్లలు పుడతారు. కొందరికి మందుల సాయం కావాల్సి వస్తుంది, అంతే.

ఆగకుండా వెంటనే వెళ్లాల్సిన సందర్భాలు కొన్నున్నాయి. కొద్ది నెలల్లోనే వెంట్రుకలు ఉన్నట్టుండి దట్టంగా పెరగడం, గొంతు మగపిల్లాడి గొంతులా బొంగురుపోవడం, నడినెత్తి మీద జుట్టు పల్చబడటం, నెలసరి పూర్తిగా ఆగిపోవడం. ఇవి అరుదు. కానీ వీటి వెనక అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చిన లోపమో, ఇంకా అరుదుగా గడ్డో ఉండవచ్చు. రక్తపరీక్షలతో తెలుస్తుంది.

హార్మోన్లతో సంబంధం లేని కారణం ఒకటి మన మందుల షాపుల్లోనే దొరుకుతుంది. తెల్లబడటానికని, మచ్చలు పోవడానికని షాపువాడు చేతిలో పెట్టే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ముఖమంతా నూగు పెరుగుతుంది. తెలుపు కోసం రాసిన క్రీమే మీసం తెచ్చిపెడుతుందన్నమాట. అలాంటి చాలా స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ నిబంధన కౌంటర్ అవతల ఎంతవరకు అమలవుతోందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. ట్యూబు మీద మొమెటాసోన్, బీటామెథసోన్, క్లోబెటాసాల్ అన్న పేర్లలో ఏది కనిపించినా ముఖానికి నీ అంతట నువ్వు రాయకు. ఇప్పటికే చాలాకాలంగా రాస్తుంటే ఒక్కసారిగా ఆపేయకుండా చర్మవైద్యులకు చూపించు, ఎందుకంటే ఆపగానే ముఖం భగ్గుమంటుంది. మూర్ఛకి వాడే ఫెనిటాయిన్ లాంటి కొన్ని మాత్రల వల్ల కూడా వెంట్రుకలు పెరుగుతాయి. అలాగని వాటిని నీకు నువ్వే మానేయకూడదు. విషయం డాక్టర్‌కి చెప్పాలి.

తీసేసుకోవాలనుకుంటే

మన రంగు చర్మానికి ఒక గుణం ఉంది. ఎక్కడ మండినా, గీరుకున్నా, కాలినా అక్కడ నల్లమచ్చ మిగులుస్తుంది. వెంట్రుక మూడు వారాల్లో మళ్లీ వస్తుంది, మచ్చ ఆరు నెలలుంటుంది. అందుకని ఏ పద్ధతి వెంట్రుకని ఎంత బాగా తీస్తుందని కాక, ఏది నీ చర్మాన్ని అన్నిటికంటే తక్కువ బాధిస్తుందని చూసి ఎంచుకో. కింద చెప్పబోయేదంతా ఈ లెక్కలోనే.

రేజర్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే దాని మీదే అపవాదులు ఎక్కువ. "ఒక్కసారి గీశావంటే మగాడిలా గడ్డం వస్తుంది" అన్న మాట అమ్మమ్మ చెబుతుంది, పార్లర్ అక్క చెబుతుంది, పక్కింటి ఆంటీ కూడా చెబుతుంది. ఇది నిజమా అని చూడటానికి 1928లోనే అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్ అనే శరీరశాస్త్రవేత్త మగవాళ్లకు గీయించి, వెంట్రుకల మందం, పెరిగే వేగం కొలిచింది. తేడా ఏమీ లేదు. 1970లో మళ్లీ ఐదుగురు కుర్రాళ్లకు ఒక కాలు వారం వారం నెలల తరబడి గీయించి, గీయని రెండో కాలితో పోల్చి చూశారు. అప్పుడూ తేడా లేదు. రేజర్ కోసేది చర్మం పైన ఉన్న చచ్చిన భాగాన్ని. వెంట్రుక మందం ఎంత ఉండాలో తేల్చే కుదురు లోపలుంటుంది, పైన ఏం జరిగిందో దానికి తెలియదు. మరి గరుగ్గా ఎందుకు తగులుతుందంటే, తనంతట తాను పెరిగిన వెంట్రుక కొస సన్నగా ఉంటుంది, కోసిన కొస మొద్దుగా ఉంటుంది. వరి కోసిన మడిలో చెప్పుల్లేకుండా నడిస్తే కొయ్యకాళ్లు గుచ్చుకున్నట్టు. పైరుగా ఉన్నప్పుడు అవే మెత్తగా ఊగాయి. ఇంకో సంగతి కూడా ఉంది. అమ్మాయిలు గీయడం మొదలుపెట్టేది పదమూడు పద్నాలుగేళ్లప్పుడు. ఆ వయసులో వెంట్రుకలు ఎలాగూ ముదురుతాయి. గీసినా ముదురుతాయి, గీయకపోయినా ముదురుతాయి. నింద మాత్రం బ్లేడు మీద పడుతుంది.

సన్నటి నూగుకి ముఖానికని అమ్మే చిన్న ఒంటిబ్లేడు రేజర్ చవగ్గా దొరుకుతుంది, నొప్పి ఉండదు. నీది నీకే ఉండాలి. నాన్నదీ తమ్ముడిదీ వద్దు, హాస్టల్‌లో రూమ్‌మేట్‌ది అసలే వద్దు. ముఖం కడుక్కుని, కలబంద జెల్ గానీ మాయిశ్చరైజర్ గానీ పల్చగా రాసి, ఒక చేత్తో చర్మాన్ని బిగించి పట్టుకుని, వెంట్రుక వాలిన వైపుకే చిన్నచిన్నగా లాగు. మొటిమ ఉన్నచోట వదిలెయ్. రాత్రిపూట చేసుకుంటే తెల్లారేసరికి ఎర్రదనం తగ్గుతుంది. పొద్దున ఎండలోకి వెళ్లేముందు సన్‌స్క్రీన్ రాసుకో. వారానికో పది రోజులకో చేయాల్సి రావడం దీని బాధ.

త్రెడింగ్ మనకి బాగా అలవాటైనది. "అప్పర్ లిప్ చెయ్యండి" అంటే కళ్లలో నీళ్లు తిరిగేలోగా అయిపోతుంది. వెంట్రుక మొదలుతో సహా ఊడివస్తుంది కాబట్టి రెండు మూడు వారాలు నున్నగా ఉంటుంది. కొందరికి మర్నాడు చిన్న చిన్న పొక్కులు లేస్తాయి. దారం కొస పళ్లతో పట్టుకునే పార్లర్లు ఇంకా ఉన్నాయి. మెడకి కట్టుకుని చేయమని, కొత్త దారం తీయమని మొహమాటపడకుండా అడుగు. డబ్బులిచ్చేది నువ్వు. గడ్డం కింద రెండో మూడో మొండి వెంట్రుకలుంటే శుభ్రమైన ప్లక్కర్‌తో లాగేసుకోవచ్చు. పది పదిహేను ఉంటే మాత్రం రోజూ లాగుతూ కూర్చోవద్దు. లోపలికి తిరిగి పెరిగి, గడ్డ కట్టి, నల్లబడతాయి.

ముఖం మీద వ్యాక్స్‌కి నా ఓటు పడదు. మొటిమలకి అడాపలీన్, ట్రెటినాయిన్ లాంటి క్రీములు వాడుతున్న అమ్మాయికైతే అసలే వద్దు, ఆ క్రీముల వల్ల పలచబడిన పైపొర వ్యాక్స్‌తో పాటు ఊడొస్తుంది. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వేసుకుంటున్నవాళ్లు, మానేసిన తర్వాత కూడా ఆరు నెలలు, వ్యాక్స్ దగ్గరికి పోకూడదు. పార్లర్‌లో ఈ మందుల గురించి ఎవరూ అడగరు, నువ్వే చెప్పాలి.

బ్లీచ్ వెంట్రుకని తీయదు, రంగు మారుస్తుంది. చామనఛాయ ముఖం మీద నల్లటి నూగు పోయి బంగారు నూగు ఎండలో మెరుస్తుంది. అది ముందుదానికంటే ఎలా నయమో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. చేయించుకునేదైతే ముందురోజు మోచేతి మడతలో కొంచెం రాసి చూడు. హెయిర్ రిమూవల్ క్రీములు వెంట్రుకని కరిగిస్తాయి. వెంట్రుకా, చర్మం పైపొరా రెండూ కెరటిన్‌తో చేసినవే కాబట్టి, పెట్టె మీద రాసిన నిమిషాలు దాటితే చర్మాన్ని కూడా కరిగించబోతాయి. కాళ్లకి కొన్న ట్యూబు ముఖానికి పనికిరాదు.

ఇక వంటింటి వైద్యం. పండగనాడు తలంటుకి ముందు సున్నిపిండి నలుగు హాయిగా పెట్టుకో, అది శుభ్రతకీ సరదాకీ. రుద్దుడికి కొన్ని సన్నటి వెంట్రుకలు తెగుతాయి, పసుపు రంగు పట్టి మిగిలినవి కొన్నాళ్లు కనబడవు. అంతకుమించి కుదురుని మాన్పించే శక్తి శనగపిండికీ పసుపుకీ ఉన్నట్టు రుజువు లేదు. ఎంత గట్టిగా రుద్దితే అంత మంచిదన్న నమ్మకంతో చర్మం కమిలిపోతుంది. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి మచ్చ పడుతుంది, ఇది ఊరికే బెదిరింపు కాదు. వీడియోల్లో చూపించే కాఫీపొడి, టూత్‌పేస్టు, ప్యూమిస్ రాయి సంగతి ఎత్తడం కూడా దండగ.

లేజర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. వెంట్రుకలోని నల్లరంగు లేజర్ వెలుగుని పీల్చుకుని వేడెక్కి, ఆ వేడి కుదురుని దెబ్బతీస్తుంది. 1983లో హార్వర్డ్‌లో ఆండర్సన్, ప్యారిష్ అనే డాక్టర్లు రాసిన సూత్రం ఇది. చిక్కేమిటంటే మన చర్మంలోనూ అదే నల్లరంగు ఉంది, అదీ వెలుగుని పీల్చుకుంటుంది. తెల్ల చర్మానికి సరిపోయే మిషను మనల్ని కాల్చగలదు. ముదురు చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ అన్నిటికంటే భద్రం, డయోడ్ కూడా జాగ్రత్తగా వాడతారు. ఆన్‌లైన్‌లో దొరికే ఇంటి ఐపీఎల్ పరికరాలు బాగా చామనఛాయగా ఉన్నవాళ్లు వాడకూడదు, డబ్బా మీదే రాసి ఉంటుంది, చదవరు.

ఏ సమయంలోనైనా కొన్ని కుదుళ్లే పెరిగే దశలో ఉంటాయి, లేజర్‌కి దొరికేవి అవే. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సార్లు పడుతుంది. మధ్యలో త్రెడింగ్ చేయిస్తే కుదుట్లో వెంట్రుకే ఉండదు, లేజర్‌కి గురి ఉండదు. రేజర్‌తో గీసుకోవచ్చు. చివరికి దక్కేది చాలాకాలం తగ్గుదల. బోర్డు మీద 'పర్మనెంట్' అని ఉంటే దాన్ని సగానికి సగం తగ్గించి చదువుకో. హార్మోన్ల తేడా సరిచేయకుండా లేజర్ చేయిస్తే మిగతా కుదుళ్లు ముదురుతూనే ఉంటాయి. ఇంకొక సంగతి క్లినిక్ వాళ్లు సాధారణంగా ముందు చెప్పరు. సన్నటి నూగు మీద లేజర్ కొడితే కొందరిలో అది తగ్గడానికి బదులు పెరుగుతుంది. ముఖం మీద, మెడ మీద, మన లాంటి చర్మాల్లో ఇది ఎక్కువ. పద్నాలుగేళ్ల పిల్ల చెంపల మీది మెత్తటి నూగుకి లేజర్ ప్యాకేజీ అమ్మేవాళ్ల నుంచి లేచి వచ్చేయడమే మంచిది. గడ్డం మీద గరుకు నల్లటి వెంట్రుకలున్న పద్దెనిమిదేళ్ల అమ్మాయి సంగతి వేరు. ఆమెకి హార్మోన్లు చూసి, చర్మవైద్యులే చేస్తే లేజర్ నిజంగా మేలు చేస్తుంది.

నిజంగా శాశ్వతమనదగ్గది ఎలెక్ట్రాలిసిస్ ఒక్కటే. 1875లో అమెరికాలో ఒక కళ్ల డాక్టరు, కంట్లోకి తిరిగి గుచ్చుకునే రెప్పవెంట్రుకల కోసం దీన్ని వాడాడు. సన్నటి సూది కుదుట్లోకి దించి కరెంటుతో కాలుస్తారు. ఒక్కో వెంట్రుక విడిగా. చాలా ఓపిక కావాలి, మన దగ్గర చేసేవాళ్లు తక్కువ.

మాత్రల సంగతి

పీసీఓఎస్ అని తేలితే నెలసరి గాడిలో పెట్టడానికీ, వెంట్రుకలు తగ్గడానికీ డాక్టర్లు తరచుగా రాసేది గర్భనిరోధక మాత్రలే. చీటీ చూసి అమ్మ ముఖం మాడిపోతుంది. "పెళ్లికాని పిల్లకి ఈ మాత్రలేంటి?" ఆ మాత్రలోని హార్మోన్లు అండాశయం నుంచి వచ్చే ఆండ్రోజెన్లను తగ్గిస్తాయి, ఇక్కడ వాటితో పని అది. వాడినందువల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవడం ఉండదు. రక్తం గడ్డకట్టే జబ్బులు ఇంట్లో ఎవరికైనా ఉన్నా, నీకు కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి వస్తున్నా ముందే చెప్పాలి. స్పైరనోలాక్టోన్ అనే ఇంకో మందు కుదురు దగ్గరే ఆండ్రోజెన్లను అడ్డుకుంటుంది. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు అది వాడకూడదు, అందుకే డాక్టర్లు కొన్ని ప్రశ్నలు అడుగుతారు, నొచ్చుకోవద్దు. ఏ మాత్రకైనా ఫలితం కనబడటానికి ఆరు నెలలు పడుతుంది, ఒక్కో వెంట్రుక బతికే కాలం అలాంటిది మరి. రెండు నెలలకి పనిచేయలేదని మానేసేవాళ్లే ఎక్కువ.

బరువు ఎక్కువుంటే కొద్దిగా తగ్గినా నెలసరి కుదుటపడుతుంది. వెంట్రుకల మీద దాని ప్రభావం అంతంతమాత్రమే. ఈ నిజం చెప్పకుండా "బరువు తగ్గు, అన్నీ పోతాయి" అని పిల్లని అన్నం మాన్పించడం అన్యాయం. సన్నగా ఉన్న అమ్మాయిలకీ పీసీఓఎస్ వస్తుంది.

నోళ్ల గురించి

2024లో ఉత్తరప్రదేశ్ పదో తరగతి బోర్డు పరీక్షల్లో ఒకమ్మాయి 600కి 591 మార్కులతో రాష్ట్రంలో మొదటి స్థానం తెచ్చుకుంది. పేపర్లో ఫొటో పడింది. దేశం చూసింది మార్కుల్ని కాదు, ఆ పిల్ల పై పెదవిని. రోజుల తరబడి వెక్కిరింపులు. ఆ పిల్ల మీద సానుభూతి చూపిస్తున్నట్టు ఒక రేజర్ల కంపెనీ తన పేరుతో పత్రికా ప్రకటన కూడా వేసుకుంది. ఒకటి రెండు మార్కులు తక్కువ వచ్చుంటే ఈ బాధ ఉండేది కాదేమోనని ఆ అమ్మాయి తర్వాత అంది. రాష్ట్రానికి ఫస్టొచ్చిన పిల్ల చేత ఆ మాట అనిపించిన జనం మధ్య నువ్వూ బతుకుతున్నావు కాబట్టి, తరగతిలో ఎవడో "ఏరా తమ్ముడూ" అని పిలిస్తే నీకు నొప్పి కలగడం సహజమే. "పట్టించుకోకు" అన్న సలహా ఇచ్చేవాళ్లకి తేలిక.

ఒకసారి అన్నవాడికి ఒక ముక్కలో జవాబు చాలు. "అవును, ఉంది. ఐతే ఏంటి?" అని, వాడి జవాబు కోసం నిలబడకుండా వెళ్లిపో. రోజూ అనేవాడి విషయంలో జవాబులు వద్దు, తేదీలు కావాలి. ఎప్పుడు, ఎక్కడ, ఏమన్నాడో రాసుకో, గ్రూపుల్లో పెట్టినవి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకో, అమ్మతో కలిసి క్లాస్ టీచర్‌కి కాగితం మీద రాసివ్వు. నోటిమాటగా చెప్పింది స్టాఫ్‌రూమ్ దాటదు. బయటికి వెళ్లాలంటే భయంగా ఉండి, కాలేజీ మానేయాలనిపిస్తూ, నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్. ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు, రాత్రి ఎన్నింటికైనా ఎత్తుతారు.

ఈ పుస్తకం అమ్మ చేతిలో ఉంటే ఆమెకి నాలుగు మాటలు. అమ్మా, మీ పిల్ల అద్దం ముందు గంట సేపు నిలబడుతోందంటే అది సోకు కోసం కాకపోవచ్చు. "ఇప్పట్నుంచే పార్లరా" అని కొట్టిపారేయకండి. దానికేమీ పట్టనట్టు ఆడుకుంటున్న పిల్లని "ఆ మూతేంటే, రేపు పెళ్లెలా అవుతుంది" అని లాక్కెళ్లడం ఇంకా తప్పు. చుట్టాల ముందు ఈ ప్రస్తావన అసలు తేకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

నెలసరి తేడా లేకపోతే చర్మవైద్యులు చాలు. తేడా ఉంటే గైనకాలజిస్టో, హార్మోన్ల డాక్టరో చూడాలి. ప్రైవేటుకి వెళ్లే స్తోమత లేకపోతే టీచింగ్ హాస్పిటల్ ఓపీలో చూపించుకోవచ్చు. ముందురోజు వెంట్రుకలు తీసేసుకుని వెళ్లవద్దు, సిగ్గనిపించినా సరే, ఎక్కడెక్కడ ఎంత ఉన్నాయో వాళ్లు చూడాలి. తొమ్మిది చోట్ల సున్నా నుంచి నాలుగు దాకా అంకెలు వేసే ఫెరిమన్ గాల్వే లెక్క ఒకటి వాడుతున్నారు. అది పెద్ద ఆడవాళ్ల కోసం చేసింది, నీ వయసుకి దాన్ని అచ్చంగా పట్టుకోరు గానీ అంచనాకి పనికొస్తుంది. తీసేయకుండా ఉండలేకపోతే, తీసేముందు కిటికీ వెలుగులో ఫొటో తీసిపెట్టుకో. నెలసరి తేదీల క్యాలెండర్, ముఖానికి రాసే ప్రతి ట్యూబూ, వేసుకునే ప్రతి మాత్రా సంచిలో వేసుకో. టెస్టోస్టెరాన్, థైరాయిడ్, ప్రొలాక్టిన్, 17 ఓహెచ్ ప్రొజెస్టెరాన్, షుగర్ పరీక్షలు రాయవచ్చు, కొన్ని పొద్దున్నే ఇవ్వాలి. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక చేస్తే హార్మోన్ల లెక్కలు తారుమారవుతాయి, కాబట్టి పరీక్షలు ముందు, మాత్రలు తర్వాత.

కాగితం మీద ప్రశ్నలు రాసుకుని వెళ్లు. నాకు ఈ పరీక్ష ఎందుకు? ఈ మందు ఎన్నాళ్లు? లేజర్ అయితే ఏ మిషను, చేసేది మీరా మీ దగ్గర పనిచేసేవాళ్లా, మా లాంటి రంగుకి చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ముందు చిన్న చోట చేసి చూపిస్తారా? వీటితోపాటు, ఎవరూ అడగని ప్రశ్న ఒకటి కూడా రాసుకో: నేను ఏమీ చేయకుండా ఏడాది ఆగితే ఏమవుతుంది? కొందరికి "ఏమీ కాదు, నీకు ఇబ్బందిగా లేకపోతే వదిలెయ్" అని జవాబు వస్తుంది. కొందరికి "ఆగకూడదు, ఎందుకంటే" అని మొదలవుతుంది. ఆ ఎందుకంటే తర్వాతది అర్థమయ్యేదాకా కుర్చీలోంచి లేవకు.